పదవియు, విధేయతయు : 1917లో రష్యా రాజ్యాధికారము చేతులు మారిన తీరు

రష్యాలో జారు చక్రవర్తుల ప్రభుత్వము కూలుటయు, కమ్యూనిస్టుల పాలన నెలకొనుటయు ఒకే సంవత్సరమున జరిగిన సంఘటనలు. ఈ రెంటి నడుమ గడచిన కాలము ఎనిమిది మాసములు మాత్రమే. అందుచేత కాబోలు తరగతి ఉపన్యాసములలో ఈ రెంటిని కలిపి 'రష్యా విప్లవము' అను ఒక్క పేరుతో వ్యవహరించుట పరిపాటి అయినది. పేరు ఒకటి యగుటచే సంఘటనయు ఒకటే అను భ్రాంతి కలుగుచున్నది. బోల్షివిక్కులు జారును కూలద్రోసిరని సమాధాన పత్రములలో వ్రాయు విద్యార్థులు ఇప్పటికిని కలరు. అది చిన్న తప్పు కాదు; కాని దాని మూలము మనము వాడు మాటలోనే ఉన్నది.

'విప్లవ' శబ్దమునకు సంస్కృతమున ఉపద్రవము, కల్లోలము అను అర్థములు కలవు. ఒక రాజ్యవ్యవస్థను తొలగించి దాని స్థానమున మఱియొకదానిని నిలుపుట అను అర్థము ఆధునిక కాలమున ప్రాబల్యమునకు వచ్చినది. 1917 ఫిబ్రవరిలో జరిగినదానికి మొదటి అర్థమును, అక్టోబరులో జరిగినదానికి రెండవ అర్థమును అన్వయించుకొన్నచో పొరపాటునకు తావుండదు. మొదటిది ఏ పక్షమును నడపని కల్లోలము. రెండవది ఒక పక్షము తెలిసి, తలపెట్టి, సాధించిన అధికార స్వీకారము.

అయినచో మొదటిదానినుండి రెండవది ఎట్లు పుట్టినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. రాజ్యాధికారమునకు రెండంగములు కలవు. ఒకటి పదవి, అనగా ఆజ్ఞ ఇచ్చుటకు చట్టము వలనగాని, సంప్రదాయము వలనగాని సిద్ధించిన అర్హత. రెండవది విధేయత, అనగా ఆ ఆజ్ఞను పాలించువారు ఉండుట. సామాన్య కాలములలో ఈ రెండును ఒకదానితో నొకటి పెనవేసికొని యుండుటచే వీని భేదము కంటికి కనబడదు. ఫిబ్రవరిలో ఇవి విడిపోయెను; ఎనిమిది మాసములు విడివిడిగా నుండెను; అక్టోబరులో మఱల ఒక్కచోట చేరెను. 1917 చరిత్రమునకు కీలకము ఇదియే అని నా అభిప్రాయము.

తేదీలను గూర్చి ఒక మాట. మనకు చాంద్రమాన సౌరమానముల భేదము పరిచితమైనదే. ఆనాటి రష్యాలో యూరపు దేశముల పంచాంగముకంటె పదమూడు దినములు వెనుకబడిన పాత పంచాంగము వాడుకలో నుండెను. 1918లో జనవరి 31వ తేదీకి మరునాడు ఫిబ్రవరి 14గా లెక్కించి ఆ భేదమును తొలగించిరి. ఈ వ్యాసమున అంతవరకు జరిగిన రష్యా సంఘటనలకు పాత తేదీలను, అటుపిమ్మట క్రొత్త తేదీలను ఇచ్చితిని.

సింహాసనమునకు ఆధారము

రోమనోవు వంశము 1613లో రాజ్యమునకు వచ్చినది. 1913లో దాని మూడువందల సంవత్సరముల ఉత్సవము జరిగినది. ఆ ఉత్సవము జరిగిన నాలుగేండ్లకే ఆ సింహాసనము లేకుండ పోవుటను బట్టి, లోపల నేదియో అంతకు ముందే శిథిలమైనదని ఊహింపక తప్పదు.

రష్యా జనాభాలో దాదాపు అయిదింట నాలుగు వంతులు కర్షకులు. 1861లో రెండవ అలెగ్జాండరు చక్రవర్తి వారి దాస్యమును తొలగించెను. కాని వారికి లభించిన భూమికి దశాబ్దముల పర్యంతము విమోచన ధనము చెల్లింపవలసి వచ్చినది. భూస్వాముల యొద్ద మిగిలిన భూమియు న్యాయముగా దున్నువానిదే అను విశ్వాసము వారిని వదలలేదు. అయినను కర్షకులకు చక్రవర్తియందు పితృభావము చిరకాలము నిలిచెను. దోషమంతయు అధికారులది, ప్రభువు ఎరుగడు అని వారు నమ్ముచుండిరి. 1905 జనవరి 9వ తేదీన పెట్రోగ్రాడ్‌లో (నాటి పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్) కార్మికులు మతాచార్యుడగు గపోను వెంట, పవిత్ర చిత్రపటములను చేతబూని, ప్రభువునకు విన్నపము సమర్పింప బయలుదేరుటకు ఆ నమ్మకమే కారణము. సైనికులు వారిపై కాల్పులు జరిపిరి. ఆనాడు మరణించినది మనుష్యులు మాత్రమే కాదు. ఆ నమ్మకమునకును పెద్ద గాయము తగిలినది.

ఆ సంవత్సరము దేశమంతట చెలరేగిన సమ్మెలకు వెరచి రెండవ నికొలాస్ చక్రవర్తి అక్టోబరు 17వ తేదీన పౌర స్వాతంత్ర్యములను, 'డ్యూమా' అను ప్రతినిధి సభను అనుగ్రహించుచు ప్రకటన కావించెను. కాని 1906 ఏప్రిలులో వెలువడిన మూలశాసనములలో చక్రవర్తి 'నిరంకుశ ప్రభువు' గానే నిలిచెను. మొదటి డ్యూమాను మూడు మాసములు నిండకమునుపే రద్దుచేసెను. రెండవదానిని 1907 జూనులో రద్దుచేసి, భూస్వాముల ఓటునకు విలువ హెచ్చునట్లు ఎన్నికల చట్టమునే మార్చెను. ఇచ్చిన దానిని తానే తీసికొనుటచే, చట్టమును గౌరవించు మధ్యతరగతి వారికిని ఆయన మాటయందు విశ్వాసము సడలెను.

1914లో మహాయుద్ధము వచ్చినది. రష్యా మొత్తముమీద దాదాపు కోటిన్నర మందిని సైన్యమున చేర్చుకొన్నది. 1915 ఆగస్టులో నికొలాస్ ప్రధాన సేనాధిపత్యమును స్వయముగా స్వీకరించి మొగిలేవులోని సేనాస్థావరమున ఉండసాగెను. మంత్రులలో పెక్కుమంది వలదనిరి. వారి భయము సహేతుకమే. అంతవరకు పరాజయమునకు సేనానులు బాధ్యులు. అది మొదలు ప్రతి పరాజయమును ప్రభువునకే చుట్టుకొనెను. రాజధానిలో మంత్రులు వెంటవెంటనే మారుచుండిరి. రాణియు, ఆమెయొద్ద పలుకుబడి సంపాదించిన రాస్పుటినును ఈ మార్పులకు కారకులని లోకము చెప్పుకొనెను. 1916 డిసెంబరులో రాస్పుటినును హత్యచేసినవారు విప్లవకారులు కారు; చక్రవర్తి బంధువులును, రాజభక్తులును. సింహాసనమును ప్రేమించువారే సింహాసనాసీనుని ఆజ్ఞకు లోబడుట మానిరని ఈ హత్య తెలుపుచున్నది.

ఫిబ్రవరి అయిదు దినములు

1917 ఫిబ్రవరి 23వ తేదీ అంతర్జాతీయ మహిళా దినము. పెట్రోగ్రాడ్‌లో రొట్టెల కొఱకు గంటల తరబడి వరుసలలో నిలిచి విసిగిన స్త్రీలు, నేత మిల్లులలోని స్త్రీ కార్మికులు వీధులకు వచ్చిరి. ముందునాడే పుటిలోవు కార్ఖానా తలుపులు మూసివేయుటచే వేలకొలది కార్మికులు పనిలేక యుండిరి. మూడు దినములలో సమ్మె నగరమంతట వ్యాపించెను. 25వ తేదీ రాత్రి చక్రవర్తి మొగిలేవునుండి సేనాపతి ఖబాలోవునకు తంతి పంపుచు, మరునాటికి అల్లర్లను అణచవలసినదని ఆజ్ఞాపించెను. 26వ తేదీన సైనికులు ఆజ్ఞ ననుసరించి కాల్పులు జరిపిరి. 27వ తేదీ ఉదయమున, ముందునాడు కాల్చిన వొలీన్‌స్కీ పటాలమువారే ఇక కాల్చమని తిరుగబడిరి. ఒక పటాలమును చూచి మఱియొకటి తిరుగబడినది. నగరమున లక్షన్నరకు పైబడిన సైన్యముండియు సాయంకాలమునకు ఖబాలోవు చేతిలో మిగిలినది గుప్పెడు మంది.

ఈ అయిదు దినములలో ఉద్యమమును నడపిన పక్షమేది యని వెదకినచో ఒక్కటియు కనబడదు. విప్లవ పక్షముల స్థానిక కార్యకర్తలు కార్ఖానాలలో పనిచేసిరి, నిజమే; కాని అగ్రనాయకులు ప్రవాసమునగాని, సైబీరియాలోగాని ఉండిరి. లెనిన్ స్విట్జర్లండులో ఉండెను. ఆయన ఆ జనవరిలోనే జూరిచ్ నగరమున యువకులకు ఉపన్యసించుచు, రానున్న విప్లవ నిర్ణాయక సమరములను తన తరము వృద్ధులు చూడజాలకపోవచ్చునని పలికియుండెను. అంతటి రాజనీతిజ్ఞునకును ఆరు వారముల ముందు తెలియని సంఘటనను ఆయన పక్షము తలపెట్టినదనుట చెల్లదు.

నికొలాస్ రైలులో రాజధానికి బయలుదేరి, దారి సాగక ప్స్కోవు చేరెను. ప్రధాన సేనాస్థావరమునుండి అలెక్సేయేవు యుద్ధరంగముల సేనానుల అభిప్రాయమును తంతి ద్వారా అడుగగా, వారు సింహాసన పరిత్యాగమే మేలనిరి. మార్చి 2వ తేదీన నికొలాస్ మొదట కుమారుని పేర, పిమ్మట కుమారుని అనారోగ్యము తలచి తమ్ముడగు మిఖాయిలు పేర రాజ్యమును విడిచెను. మరునాడు మిఖాయిలు, ప్రజలెన్నుకొను రాజ్యాంగ నిర్మాణ సభ కోరిననే తాను రాజ్యమును గ్రహింతునని ప్రకటించెను. సైనికులు ఆజ్ఞను తిరస్కరించిరి, సేనానులు పరిత్యాగమును కోరిరి, వారసుడు స్వీకరింపనొల్లడయ్యెను. ఇట్లు మూడు మెట్లలో రాజరికము అంతరించినది. దానిని కొట్టి కూల్చినవారు తక్కువ. దానిని మోయుట మానినవారు ఎక్కువ.

ఒకే భవనము, రెండు ప్రభుత్వములు

ఫిబ్రవరి 27వ తేదీన టారైడు ప్రాసాదమున రెండు సంస్థలు పుట్టినవి. ఒక పార్శ్వమున డ్యూమా సభ్యుల తాత్కాలిక సంఘము. మార్చి 2వ తేదీన ల్వోవు ప్రధానిగా ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వము దీనినుండి వచ్చినదే. మఱియొక పార్శ్వమున కార్మికుల, సైనికుల ప్రతినిధుల సోవియట్. 'సోవియట్' అను మాటకు సమాలోచన సభ అని అర్థము.

మార్చి 1వ తేదీన సోవియట్ వెలువరించిన 'మొదటి ఆజ్ఞ' ఈ కాలపు పత్రములలో మిక్కిలి ముఖ్యమైనది. ప్రతి దళమునందును సైనికులు సంఘములను ఎన్నుకొనవలెను. ఆయుధములు ఆ సంఘముల అధీనమున ఉండవలెను గాని అధికారుల చేతికి ఈయరాదు. డ్యూమా సైనిక సంఘపు ఆజ్ఞలు సోవియట్ ఆజ్ఞలకు విరుద్ధములు కానప్పుడే చెల్లును. ఇందే మఱియొక నిబంధన కలదు. అధికారులు సైనికులను ఏకవచనమున సంబోధింపరాదు. సైనికులు అధికారులను 'మహాప్రభూ' వంటి బిరుదములతో పిలువనక్కరలేదు. 'నీవు', 'మీరు' అను రెండు సంబోధనల నడుమ నెంత దూరమున్నదో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. విధేయత ఆయుధమునందే కాక సంబోధనయందును నివసించునని ఆ సైనికులు గుర్తించిరి. పెట్రోగ్రాడ్ దండునుద్దేశించిన ఈ ఆజ్ఞ కొలది దినములలో యుద్ధరంగములకును ప్రాకెను.

యుద్ధమంత్రి గుచ్‌కోవు మార్చి 9వ తేదీన అలెక్సేయేవునకు వ్రాసిన లేఖ మనకు లభించుచున్నది. ప్రభుత్వమునకు యథార్థమైన అధికారమేదియు లేదనియు, సోవియట్ అనుమతించినంతవరకే తమ ఆజ్ఞలు అమలగుచున్నవనియు, సైన్యము, రైళ్లు, తపాలా తంతి శాఖలు సోవియట్ చేతిలో నున్నవనియు ఆయన అందు ఒప్పుకొనెను. ప్రభుత్వమేర్పడి అప్పటికి వారము మాత్రమే అయినది. పైగా ఆ ప్రభుత్వము పాత గవర్నరులను తొలగించినది. పాత పోలీసు వ్యవస్థ అంతకు ముందే విచ్ఛిన్నమైనది. తిరుగుబాటున పాల్గొన్న దళములను రాజధానినుండి కదలింపమని సోవియట్‌కు మాట ఇచ్చినది. పదవి చేతికి వచ్చినది. ఆ పదవికి చేతులు లేకపోయెను.

సోవియట్ స్థితి దీనికి విలోమము. సైనికులు, కార్మికులు దాని మాట వినుచుండిరి. కాని దానిని నడపిన మెన్షివిక్కులు, సోషలిస్టు రివల్యూషనరీలు తామే ప్రభుత్వమును స్వీకరించుటకు కాలము పక్వము కాలేదని తలచిరి. ఒకరికి పదవి, మఱియొకరికి విధేయత.

మూడు వాయిదాలు

ఈ చీలికను పూడ్చుటకు తాత్కాలిక ప్రభుత్వమునకు మార్గము లేకపోలేదు. ప్రజలు కోరినవి మూడు: శాంతి, భూమి, రాజ్యాంగ నిర్మాణ సభ. మూడును వాయిదా పడినవి.

వాయిదాకు కారణములు లేవని అనుట న్యాయము కాదు. మిత్రరాజ్యములకిచ్చిన మాట తప్పినచో జర్మనీ విజృంభించునని భయము. యుద్ధకాలమున భూమిని పంచినచో కర్షక సైనికులు తమ వంతునకై ఊళ్లకు పారిపోదురని భయము. లక్షలాది మంది కందకములలో నుండగా ఎన్నికలు సక్రమముగా జరుగవని సంకోచము. ఒక్కొక్క వాదమును విడిగా చూచినచో సబబుగనే యుండును. కాని భూమి విషయమును సభకు విడిచిరి. సభను ఎన్నికలకు విడిచిరి. ఎన్నికలను సెప్టెంబరు 17నుండి నవంబరు 12నకు జరిపిరి. యుద్ధము మాత్రము ఆగలేదు. జూను 18వ తేదీన ఆరంభించిన దండయాత్ర కొలది దినములలో పరాజయముగా మారెను. వేసవిలో కర్షకులు చట్టముకొఱకు నిరీక్షింపక భూములను ఆక్రమింపసాగిరి.

బోల్షివిక్కుల వృద్ధి ఈ వాయిదాల నీడలోనే జరిగినది. 'బోల్షివిక్' అనగా అధిక సంఖ్యాకుడు. 1903 నాటి పక్ష మహాసభలో వచ్చిన పేరది. కాని 1917 జూనులో జరిగిన అఖిల రష్యా సోవియట్ మహాసభలో, తమ పక్షమును ప్రకటించిన 777 మంది ప్రతినిధులలో వారు 105 మంది మాత్రమే. ఏప్రిలు 3వ తేదీన పెట్రోగ్రాడ్ చేరిన లెనిన్, తాత్కాలిక ప్రభుత్వమునకు ఏ విధమైన తోడ్పాటును వలదనియు, సర్వాధికారము సోవియట్లకు చెందవలెననియు ప్రతిపాదించినప్పుడు ఆయన పక్షమువారే పెక్కురు విస్తుపోయిరి. కాని ఆ నినాదము ఉన్న స్థితికి పేరు పెట్టినది: విధేయత ఎచట నున్నదో పదవియు అచటికే పోవలెను.

జూలై అల్లర్ల తరువాత బోల్షివిక్కులపై ప్రభుత్వము విరుచుకుపడెను. లెనిన్ ఫిన్లండునకు తప్పించుకొనెను. ట్రాట్‌స్కీ చెరసాలకు పోయెను. వారిని మఱల నిలబెట్టినది ఆగస్టు చివర సేనాపతి కోర్నిలోవు రాజధానిపైకి దళములను నడపుట. నాటి ప్రధాని కెరెన్‌స్కీ, సోవియట్ సహాయము లేనిదే తన్ను తాను రక్షించుకొనలేకపోయెను. రైల్వే కార్మికులు బండ్లను ఆపిరి. కార్మికుల చేతికి ఆయుధములు వచ్చినవి. అధికారులకు సైనికులయందు, సైనికులకు అధికారులయందు మిగిలియున్న విశ్వాసమును నశించెను. సెప్టెంబరు నాటికి పెట్రోగ్రాడ్, మాస్కో సోవియట్లలో బోల్షివిక్కులకు ఆధిక్యము చేకూరెను. సెప్టెంబరు 25వ తేదీన ట్రాట్‌స్కీ పెట్రోగ్రాడ్ సోవియట్ అధ్యక్షుడయ్యెను.

అక్టోబరు

అక్టోబరు 10వ తేదీన బోల్షివిక్ కేంద్రసంఘము సాయుధ తిరుగుబాటునకు తీర్మానించెను. జినోవియేవు, కామెనేవు వ్యతిరేకించిరి. అదే సమయమున ప్రభుత్వము రాజధాని దళములను యుద్ధరంగమునకు పంపదలచుటచే దండు కలవరపడెను. సోవియట్ ఏర్పరచిన సైనిక విప్లవ సంఘము 22వ తేదీన, తన సంతకము లేని ఏ ఆజ్ఞయు దండునకు చెల్లదని ప్రకటించెను. మార్చి నాటి మొదటి ఆజ్ఞలోని భావమే ఇందును కలదు. భేదమొక్కటే: మార్చిలో సోవియట్ ఆ శక్తిని చేత ధరించియు ప్రభుత్వమును మఱియొకరికి విడిచినది, అక్టోబరులో విడువలేదు. 25వ తేదీ నాటికి వంతెనలు, తంతి కార్యాలయము, రైలు నిలయములు పెద్ద సంఘర్షణ లేకుండ వశమైనవి. ఆ రాత్రి శీతకాల ప్రాసాదమున మంత్రులు బందీలైరి.

దీనిని గూర్చి చరిత్రకారులలో రెండు మతములు కలవు. రిచర్డ్ పైప్స్ వంటివారు దీనిని ఒక చిన్న పక్షము జరిపిన కుట్రగా భావించిరి. అలెగ్జాండర్ రాబినోవిచ్ వంటివారు రాజధాని కార్మిక సైనికులలో ఆ పక్షమునకు గల యథార్థమైన ఆదరణమును నిరూపించిరి. ఈ రెండును పరస్పర విరుద్ధములని నేననుకొనను. ముహూర్తమును నిర్ణయించినది ఒక చిన్న సంఘమే. కాని ఆ రాత్రి తాత్కాలిక ప్రభుత్వమును రక్షింప కదలివచ్చినవారు కొలదిమందియే యగుటకు కుట్ర కారణము కాజాలదు.

26వ తేదీన సోవియట్ మహాసభ శాంతి, భూమి శాసనములను ఆమోదించెను. భూమి శాసనములో చేర్చిన నియమములు సోషలిస్టు రివల్యూషనరీల పర్యవేక్షణమున 242 గ్రామ విజ్ఞప్తులనుండి కూర్చినవి. ఇతరులు వ్రాసి వాయిదా వేసిన దానిని లెనిన్ ఒక్క రాత్రిలో శాసనముగా వెలువరించెను.

మూడవ వాగ్దానము

మిగిలినది రాజ్యాంగ నిర్మాణ సభ. దానిని వాయిదా వేయుచున్నారని తాత్కాలిక ప్రభుత్వమును నిందించినవారిలో బోల్షివిక్కులును ఉండిరి. నవంబరులో ఎన్నికలు ఆరంభమైనవి. నాలుగు కోట్లకు పైగా ప్రజలు ఓటు వేసిరి. బోల్షివిక్కులకు దాదాపు నాల్గవ వంతు, సోషలిస్టు రివల్యూషనరీలకు అంతకంటె చాల ఎక్కువ ఓట్లు లభించినవి. కాని పెట్రోగ్రాడ్, మాస్కోలలో బోల్షివిక్కుల ఓట్లు సగమునకు సమీపించినవి. ఉత్తర, పశ్చిమ యుద్ధరంగములలో సగమును మించినవి. దేశము నొక పక్షము గెలిచినది. రాజధానికి దగ్గరనున్న తుపాకులను మఱియొక పక్షము గెలిచినది.

1918 జనవరి 5వ తేదీన సభ ఒక్క దినము సమావేశమయ్యెను. దానికి మద్దతుగా వచ్చిన ఊరేగింపుపై కాల్పులు జరిగి కొందఱు మరణించిరి. మరునాటి తెల్లవారుజామున, కావలివారు అలసియున్నారు గనుక సభను ముగింపవలసినదని ఒక నావికుడు అధ్యక్షునితో చెప్పెను. సభ మఱల కూడనేలేదు. 1905 జనవరిలో విన్నపము కొనిపోయినవారిపై కాల్చినది జారు సైన్యము. 1918 జనవరిలో ఎన్నికైన సభను కోరినవారిపై కాల్చినది జారును కాదన్న ప్రభుత్వము.

ఈ చర్య పర్యవసానమును తక్కువగా అంచనా వేయరాదు. సమ్మతి తెలుపుటకు మార్గము మూసికొన్న పిమ్మట విధేయతను వేరొక మార్గమున సంపాదింపక తప్పదు. 1917 డిసెంబరులోనే 'చెకా' అను రహస్య రక్షక సంస్థ పుట్టెను. 1918 మార్చిలో బ్రెస్ట్ లిటోవ్స్క్ సంధితో శాంతి లభించినది గాని అంతర్యుద్ధము ముంచుకొనివచ్చినది. ఆ జూలై 17వ తేదీన యెకాటెరిన్‌బర్గులో నికొలాసును, భార్యాబిడ్డలతో కూడ, వధించిరి. పల్లెలనుండి ధాన్యమును బలవంతముగా తీసికొనిరి. 1921 మార్చిలో, నాలుగేండ్ల క్రితము బోల్షివిక్కులకు అండగా నిలిచిన క్రోన్‌స్టాట్ దుర్గపు నావికులే తిరుగబడిరి. వారి కోరికలలో మొదటిది, రహస్య ఓటుతో సోవియట్లకు మఱల ఎన్నికలు జరుపుమనుట. గడ్డకట్టిన సముద్రముపై సైన్యమును నడపి ప్రభుత్వము వారిని అణచెను.

ఉపసంహారము

పై చర్చవలన తేలునవి రెండు. మొదటిది: ఫిబ్రవరి కారణములను అక్టోబరునకును, అక్టోబరు నాయకులను ఫిబ్రవరికిని అంటగట్టుట చారిత్రక దోషము. రాజరికము తనకు విధేయులు లేక కూలినది. దాని వారసులు విధేయతను సంపాదింపలేక కూలిరి. బోల్షివిక్కులు ఉన్న విధేయతను గుర్తించి దానికి పదవిని జోడించిరి. రెండవది: అట్లు జోడించినవారు ప్రజల సమ్మతిని ఓటు ద్వారా పరీక్షకు పెట్టి, ఆ పరీక్ష ఫలితమును త్రోసిపుచ్చిరి. ఎన్నికైన సభ బ్రదికియున్నచో ఆ దేశమును యుద్ధమునుండి, క్షామమునుండి రక్షించియుండెడిదని చెప్పుటకు ఆధారము లేదు. కాని పాలకులను రక్తపాతము లేకుండ మార్చుకొను మార్గమొకటి ఆ తెల్లవారుజామున మూసికొనెనని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

ఆ ప్రభుత్వము 1922లో సోవియట్ యూనియనుగా రూపొంది, డెబ్బది యేండ్లు దాదాపుగా నిలిచి, 1991లో అంతరించినది. ఆ ఆగస్టులో మాస్కోలో అధికారమును చేజిక్కించుకొన దలచినవారికి పదవులు ఉండెను, పటాలములు ఉండెను. ప్రజలపైకి పోవుటకు మాత్రము పటాలములు సమ్మతింపలేదు. 1917 ఫిబ్రవరి 27 నాటి ఉదయమును ఎరిగిన చరిత్ర విద్యార్థికి అందు ఆశ్చర్యము కలుగదు.